మా అమ్మాయి కమ్యూనియన్ తీసుకోని ఏడాది

ఐర్లండ్‌కి కొత్తగా వస్తున్న తెలుగువాళ్ళు ఫోన్ చేసి ముందు ఇంటి అద్దెల గురించి అడుగుతారు. ఆ అంకెలు విని కాస్త తేరుకున్నాక స్కూళ్ళ సంగతి ఎత్తుతారు. "అక్కా, అక్కడన్నీ క్యాథలిక్ స్కూళ్ళేనటగా? మన పిల్లల్ని చేర్చుకుంటారా? చేర్చుకుంటే చర్చికి తీసుకెళ్తారా?"

చేర్చుకుంటారు. చర్చికీ తీసుకెళ్తారు. ఆ రెండు మాటల మధ్య నాకు నాలుగేళ్ళు పట్టింది. ప్రతిసారీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే కన్నా ఒకసారి రాసి పెట్టేస్తే పోతుందని మొదలుపెట్టాను.

ఈ దేశంలో మూడు వేల పైచిలుకు ప్రైమరీ స్కూళ్ళుంటే అందులో దాదాపు 90 శాతం క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోవే. అలాగని ప్రైవేటు స్కూళ్ళనుకోకండి. ఫీజు లేదు, టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. మన ఎయిడెడ్ స్కూల్ లాంటిదనుకోండి: పెద్దరికం బిషప్‌ది, జీతం సర్కారుది. ఒకప్పుడు సీట్లు తక్కువుంటే బాప్టిజం అయిన పిల్లలకే ముందు ఇచ్చేవారు. అందుకని గుడి మొహం చూడని ఐరిష్ వాళ్ళు కూడా సీటు కోసం పిల్లలకి బాప్టిజం చేయించేసేవారని మా పక్కింటావిడ నవ్వుతూ చెప్పింది. 2018లో చట్టం మార్చి ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు క్యాథలిక్ స్కూల్ అడ్మిషన్‌కి మతం అడ్డు రాదు. అన్నో అక్కో ఆ స్కూల్లో చదువుతున్నారా, ఇల్లు ఆ పరిధిలో ఉందా, ఇలాంటివే చూస్తారు.

మాది కిల్డేర్ కౌంటీలో ఒక చిన్న ఊరు. ఏ స్కూలైనా వచ్చే ఏడాది సెప్టెంబరుకి ఈ ఏడాది అక్టోబరు 1 నుంచే దరఖాస్తులు తీసుకోవాలి, అంతకు ముందు కుదరదు. నేను అక్టోబరు 1న పొద్దున్నే లేచి, తిరుపతి దర్శనం టికెట్లు బుక్ చేసినట్టు, వెబ్‌సైట్ తెరిచి కూర్చున్నాను. అంత తొందర అక్కర్లేదని తర్వాత తెలిసింది. ముందొచ్చినవారికి ముందు అనే లెక్కే లేదట.

పిల్ల 2021 సెప్టెంబరులో జూనియర్ ఇన్ఫాంట్స్‌లో చేరింది. ఇక్కడ ప్రైమరీ ఎనిమిదేళ్ళు: జూనియర్ ఇన్ఫాంట్స్, సీనియర్ ఇన్ఫాంట్స్, ఆ తర్వాత ఒకటి నుంచి ఆరు. కోవిడ్ రోజులు కాబట్టి మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. నాలుగేళ్ళ పిల్ల తన కన్నా పెద్ద బ్యాగు తగిలించుకుని గేటు లోపలికి వెళ్ళిపోతుంటే, మాస్కులు పెట్టుకుని బయట నిలబడ్డ తల్లులందరం ఒకళ్ళ కళ్ళు ఒకళ్ళం చూసుకున్నాం. ఆ ఏడాదంతా నాకు స్కూలంటే ఆ ఆకుపచ్చ గేటే.

రెండో వారంలోనే నా పరువు పోయింది. లంచ్ బాక్సులో పులిహోర పెట్టాను, అందులో పల్లీలు. స్కూల్ వాళ్ళు పంపిన కాగితాల్లో పల్లీలు, జీడిపప్పులు లాంటివేవీ తేకూడదని లావు అక్షరాల్లో ఉందట. నేను యూనిఫాం రంగు దాకా చదివి ఆపేశాను. బాక్సు మూత తీయకుండానే వెనక్కి వచ్చింది, పైన ఒక చీటీతో. చీటీ చాలా మర్యాదగా ఉంది. క్లాసులో ఒక బాబుకి అలర్జీ అని, ఆ పూట మా పిల్లకి స్కూల్ వాళ్ళే బ్రెడ్డు, అరటిపండు ఇచ్చారని రాసి ఉంది. ఆ మర్యాదకే ఇంకా సిగ్గేసింది. ఇప్పటికీ మా ఇంట్లో పులిహోర రెండు రకాలు: స్కూల్ పులిహోర, ఇంటి పులిహోర. స్కూల్ పులిహోర ఎందుకూ పనికిరాదు, పోపులో శనగపప్పు తప్ప పంటికి తగిలేదేమీ ఉండదు.

గేటు తెరుచుకున్న ఏడాది, ఆఫీసులో సెక్రటరీ నన్ను చూసి, "మీరు కేరళ నుంచా? అయితే ఆదివారం మాస్‌కి వస్తారుగా" అంది. మాస్ అంటే చర్చిలో జరిగే పూజ. ఇక్కడ ఆసుపత్రుల్లో మలయాళీ నర్సులు చాలామంది, వాళ్ళలో క్యాథలిక్కులు ఎక్కువ. అందుకని ఇండియన్ మొహం కనపడితే కేరళ క్యాథలిక్కే అనుకుంటారు. కాదు, విజయవాడ అని, మేం హిందువులమని చెప్పాను. "ఓ, గ్రాండ్" అని నవ్వి, "కేకులు చేస్తారా?" అని అడిగింది. ఆ ప్రశ్న విలువ నాకప్పుడు తెలియలేదు.

ఈ స్కూళ్ళు నడిచేది సగం కేకుల మీదే. ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది గానీ, కరెంటు, గ్యాసు, మరమ్మతులు అయ్యేసరికి మిగిలేది లేదని ట్రెజరర్ ప్రతి మీటింగులోనూ అంటాడు. మిగతాది పేరెంట్స్ అసోసియేషన్ చూసుకుంటుంది. కేక్ సేల్, నడిచి చందాలు పోగుచేసే స్పాన్సర్డ్ వాక్, క్రిస్మస్‌కి రాఫిల్ అనే లాటరీ, ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. తల్లిదండ్రులు ఇలా సంఘం పెట్టుకునే హక్కు ఇక్కడ 1998 నాటి విద్యా చట్టంలోనే ఉంది. హక్కు సంగతి ఎలా ఉన్నా, మీటింగుకి వెళ్ళామా, ఏదో ఒక పని నెత్తిన పడ్డట్టే. నేను రెండో మీటింగుకి వెళ్ళాను. కేక్ సేల్ పడింది.

నాకు కేకులు రావు. చేస్తే పైన మాడి మధ్యలో గుంట పడతాయి. అందుకని జంతికలు చేశాను. నువ్వులు కూడా అలర్జీ లిస్టులో ఉంటాయి కాబట్టి వాము వేసి, బియ్యప్పిండి, శనగపిండి, వాము, కారం, నూనె అని చీటీ రాసి అంటించి బల్ల మీద పెట్టాను. చుట్టూ గులాబీ రంగు క్రీము కప్‌కేకులు, చాక్లెట్ రైస్ క్రిస్పీ బన్నులు. వాటి మధ్య నా జంతికలు, పెళ్ళికి పనిబట్టల్లో వచ్చినట్టు. మొదటి పావుగంట ఎవరూ ముట్టలేదు. తర్వాత ఐదో క్లాసు కుర్రాడొకడు ఒకటి కొరికి, పరిగెత్తుకెళ్ళి నలుగురిని తీసుకొచ్చాడు. అరగంటలో పళ్ళెం ఖాళీ. ఆ తర్వాత నా పేరు ఎవరికీ నోరు తిరక్కపోయినా, "స్వర్ల్స్ మమ్మీ" (మెలికల మమ్మీ) అంటే స్కూలంతా గుర్తుపడుతుంది.

స్కూల్లో మతం ఎంత ఉంటుందో కూడా చెప్పాలి. రోజుకి దాదాపు అరగంట మత పాఠం. పొద్దున ప్రార్థన, తిండికి ముందు ప్రార్థన, ఇంటికెళ్ళేముందు ఇంకోటి. అక్టోబరులో జపమాల, మే నెలలో క్లాసులో ఒక మూల మేరీమాతకి పూలతో చిన్న పీఠం. లెంట్ (ఈస్టరుకి ముందు ఉపవాస దినాలు) వస్తే ట్రోకరా అనే సేవా సంస్థ అట్టపెట్టె ప్రతి ఇంటికీ వస్తుంది, పిల్లలు చిల్లర వేసి నింపాలి. మా పిల్ల తన పెట్టెని దేవుడి గూట్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టింది. మా ఆయన ముడుపు అనుకుని అందులోనే వేస్తూ పోయాడు. ఈస్టరుకి ఆ పెట్టె మోయలేనంత బరువెక్కింది.

మత పాఠం వద్దనుకుంటే పిల్లని తప్పించవచ్చు. ఆ హక్కు ఇక్కడి రాజ్యాంగంలోనే ఉంది. అయితే తప్పించాక ఆ పిల్లని చూసుకోవడానికి వేరే గది, వేరే టీచర్ ఉండవు. అదే క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటుంది, చెవులు మాత్రం పాఠంలోనే ఉంటాయి. మేం తప్పించలేదు. ఇంట్లో విష్ణు సహస్రనామం, స్కూల్లో 'హెయిల్ మేరీ', రెండూ కంఠతా వచ్చేశాయి. నాకు దాంతో పేచీ లేదు. నేనూ విజయవాడలో సిస్టర్ల స్కూల్లోనే చదివాను, 'పరలోకమందున్న మా తండ్రీ' ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను.

అసలు కథ 2024 సెప్టెంబరులో, పిల్ల సెకండ్ క్లాసుకి వచ్చాక మొదలైంది.

సెకండ్ క్లాసంటే ఇక్కడ కమ్యూనియన్ ఏడాది. మన దగ్గర క్యాథలిక్కులు మొదటి దివ్యసత్ప్రసాదం అంటారు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు మొదటిసారి చర్చిలో ఆ అప్పం తీసుకుంటారు. ఫిబ్రవరి, మార్చిల్లో ఎప్పుడో మొదటి పాపసంకీర్తనం (చేసిన తప్పులు ఫాదర్ దగ్గర ఒప్పుకోవడం), మే నెలలో ఒక శనివారం అసలు వేడుక. ఆడపిల్లలకి చిన్న పెళ్ళికూతురిలా తెల్ల గౌను, తల మీద వెయిల్, చేతికి తెల్ల సంచీ. మగపిల్లలకి సూటు. ఇంటి వెనక గాలితో నింపే కోట, బంధువులు, భోజనాలు, కార్డులో పెట్టి ఇచ్చే డబ్బులు. మన ఓణీల ఫంక్షన్ హడావుడి ఏమాత్రం తగ్గదు. సెకండ్ క్లాస్ మొత్తం ఆ రోజు చుట్టూ తిరుగుతుంది.

మొదటి వారం ఒక కాగితం వచ్చింది. మీ అమ్మాయి కమ్యూనియన్ తీసుకుంటుందా? అవును, కాదు. రెండు గడులు. ఇరవై ఎనిమిది మంది పిల్లల్లో తొమ్మిది మంది 'కాదు' అట. అందులో ముస్లిం పిల్లలు, ఇంకో హిందూ బాబు, ఆర్థడాక్స్ క్రైస్తవుల పిల్లలు, ఏ మతమూ వద్దనుకున్న ఐరిష్ వాళ్ళ పిల్లలు ఉన్నారు. తొమ్మిది మంది ఉన్నారంటే ధైర్యంగానే అనిపించింది. కానీ మా పిల్ల ప్రాణస్నేహితురాలు మలయాళీ పిల్ల, తను 'అవును'.

అక్టోబరులో ఒక సాయంత్రం అన్నం తింటూ అడిగింది, "అమ్మా, నా తెల్ల గౌను ఎప్పుడు కొంటాం?"

నేను ఏదో చెప్పబోయేలోపు మా ఆయన, "తీసుకుంటే పోలా? అందులో పరీక్షేమన్నా ఉందా?" అన్నాడు. ముందు బాప్టిజం కావాలి స్వామీ, అది లేకుండా ఇది ఉండదు అని చెప్పాను. "ఓహో" అని సాంబారు పోసుకున్నాడు. పిల్ల మాత్రం ఊరుకోలేదు. పాటలన్నీ వచ్చు, ప్రార్థనలన్నీ వచ్చు, స్నేహితురాలి కన్నా బాగా వచ్చు, మరి నాకెందుకు లేదు? ఏడేళ్ళ పిల్ల లెక్కలో అది అన్యాయమే. హోంవర్కు చేసింది తను, బహుమతి ఇంకొకరికి.

ఆ శీతాకాలం మా అమ్మ విజయవాడ నుంచి వచ్చింది. విజిట్ వీసా, మూడు నెలలు. జనవరి చలిలో చీర మీద మా ఆయన జాకెట్ వేసుకుని, చెవులకి మఫ్లర్ కట్టుకుని తిరిగేది. జనవరి చివర్లో ఇక్కడ క్యాథలిక్ స్కూల్స్ వీక్ చేస్తారు. అందులో ఒక రోజు అమ్మమ్మలు, తాతయ్యలది. స్కూలుకి రమ్మని పిల్లలే కార్డులు చేసి పంపుతారు. మా పిల్ల క్లాసులో చాలామంది పరాయి దేశాల పిల్లలకి ఇక్కడ తాతలూ అమ్మమ్మలూ లేరు. అలాంటిది మా అమ్మ ఆ వారానికి సరిగ్గా ఊళ్ళో ఉంది. పిల్ల ఆనందం చూడాలి.

కిల్డేర్ అంటే సెయింట్ బ్రిజిడ్ ఊరు. ఫిబ్రవరి 1 ఆవిడ పండగ, 2023 నుంచి ఆవిడ పేరున దేశమంతా ఒక సెలవు కూడా ఇస్తున్నారు. ఆ పండగకి రష్ అనే గడ్డితో శిలువలు అల్లుతారు. అమ్మమ్మల రోజున క్లాసు నిండా బల్లల మీద ఆ గడ్డి మోపులు. అమ్మ ఒక పరక తీసి నలిపి చూసి, "ఇది తుంగే కదే" అంది. తుంగ కాదు, దాని చుట్టం. కత్తితో కోయకూడదు, చేత్తో పీకాలి అని టీచర్ చెప్తోంది, నేను అమ్మకి తెలుగులో చెప్తున్నాను.

అల్లే పద్ధతి ఇలా ఉంటుంది. ఒక పరక నిలువుగా పట్టుకోవాలి. రెండోదాన్ని సగానికి మడిచి, మొదటిదాని నడుముకి తగిలించి కుడివైపుకి లాగాలి. మొత్తాన్ని పావు వంతు తిప్పాలి. మూడోదాన్ని మడిచి, ఇప్పుడు పైకి లేచిన దాని మీదుగా తగిలించాలి. మళ్ళీ తిప్పాలి. బొటనవేలు మధ్యలో నొక్కే ఉంచాలి, వదిలితే అంతా విడిపోతుంది. పది పన్నెండు పరకలయ్యాక మధ్యలో చదరం, నాలుగు వైపులా చేతులు వస్తాయి. చివర్లు రబ్బరు బ్యాండుతో కట్టేస్తారు. పిల్లలవి విడిపోతున్నాయి, తాతలవి వదులవుతున్నాయి. అమ్మ చిన్నప్పుడు తాటాకుతో చిలకలు, బుట్టలు అల్లిన మనిషి. టీచర్ రెండోసారి చూపించేలోపు ఒకటి పూర్తి చేసింది. ఐదు నిమిషాల్లో అమ్మ చుట్టూ ఐదారుగురు పిల్లలు. అమ్మకి ఇంగ్లీషు రాదు, వాళ్ళకి తెలుగు రాదు. "ఇటు తిప్పు. ఆఁ. వేలు తియ్యకు. తియ్యకన్నానా!" అని అమ్మ తెలుగులోనే గదమాయిస్తోంది, వాళ్ళు బుద్ధిగా తిప్పుతున్నారు. రబ్బరు బ్యాండ్లు చాలక అమ్మ గడ్డిపరకతోనే ముడేసింది. అసలు పాతకాలం పద్ధతి అదేనని ఒక ఐరిష్ తాత మెచ్చుకున్నాడు.

తర్వాత టీచర్ బ్రిజిడ్ కథ చెప్పింది. మఠం కట్టుకోవడానికి రాజుని చోటు అడిగితే ఇవ్వనన్నాడట. నా దుప్పటి కప్పినంత చాలు అందట. సరే అన్నాడు. ఆవిడ దుప్పటి పరిస్తే అది సాగుతూ సాగుతూ ఇక్కడి కుర్రా మైదానం మొత్తం కప్పేసిందట. మా పిల్ల చెయ్యెత్తి, "మా దగ్గరా ఉంది ఈ కథ, కాళ్ళతో" అని వామనుడి మూడడుగులు చెప్పింది. బలి చక్రవర్తి దగ్గరికొచ్చేసరికి పేరు మర్చిపోయి అమ్మమ్మ వైపు చూసింది. అమ్మ అందించింది.

స్కూలు పక్కనే చర్చి, చర్చి ఆవరణలో రాళ్ళతో కట్టిన గుహ, అందులో నీలం నడికట్టుతో మేరీమాత, కింద మోకాళ్ళ మీద ఒక పిల్ల. బయటికి వస్తూ అమ్మ అక్కడ ఆగిపోయింది. "ఇదేమిటే, గుణదల మాత ఇక్కడ కూడా ఉందా!" రెండూ లూర్దు మాతవే కాబట్టి అచ్చు ఒకేలా ఉంటాయి. మా ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కారు. కానీ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరనాళ్ళంటే అమ్మ చిన్నప్పటి నుంచీ వెళ్తూనే ఉంది. కొండెక్కడం, కొబ్బరికాయ కొట్టడం, ఖర్జూరం కొనుక్కోవడం. పసితనంలో తమ్ముడికి జ్వరమొస్తే అక్కడే మొక్కుకుందట. ఆ ఫిబ్రవరి 11న అమ్మ ఇక్కడి గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. కొబ్బరికాయ కొట్టొచ్చా అని అడిగింది, వద్దమ్మా అన్నాను.

ఆ రాత్రి గౌను సంగతి అమ్మ ముందు పెట్టాను. అంత మొక్కులు మొక్కే మనిషి, వేయించెయ్యవే పాపం అంటుందనుకున్నాను. అనలేదు. "కొబ్బరికాయ కొట్టడం వేరు, మాటివ్వడం వేరు. అది మాటివ్వడంలా ఉంది. తెలియని పిల్ల చేత మాటిప్పించకు" అంది. నేను నెల రోజులుగా ఇంగ్లీషులో, తెలుగులో తలబద్దలు కొట్టుకుంటున్న విషయం అది.

మర్నాడు ప్రిన్సిపాల్‌ని కలిశాను. ఇలాంటి తల్లిదండ్రులు ఏటా వస్తారేమో, చాలా తేలిగ్గా మాట్లాడారు. మూడు దారులు చెప్పారు. ఆ శనివారం అసలు రాకపోవచ్చు. వచ్చి, అప్పం తీసుకునే వరసలో చేతులు గుండెల మీద కట్టుకుని వెళ్తే ఫాదర్ దీవించి పంపుతారు. లేదా పాటల బృందంలో కూర్చోవచ్చు. ఏదీ తప్పనిసరి కాదు, పిల్లనే అడగండి అన్నారు. పిల్లని అడిగాం. వరస వద్దంది, పాట కావాలంది.

ఇంత సవ్యంగా జరిగినా ఆ నెలలు సాఫీగా మాత్రం లేవు. ఏప్రిల్ వచ్చేసరికి రోజుకి అరగంట కాస్తా గంటన్నర దాకా సాగింది. రిహార్సల్ అని క్లాసు మొత్తం చర్చికి వెళ్తే, పాటల్లో లేని పిల్లలు పక్క క్లాసులో కూర్చుని రంగులేసుకునేవారు. 'కాదు' అన్నవాళ్ళలో ఒక ముస్లిం పిల్ల తల్లి నాతో, "మా అమ్మాయి ఈ ఏడాది రంగుల పుస్తకాలు నాలుగు పూర్తి చేసింది" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. టీచర్ల తప్పేం లేదు, ఏర్పాటే అలా ఉంది. ఈ తయారీ అంతా ఆదివారాలు చర్చిలో పెట్టుకుంటే పోతుంది కదా అని నాకప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అదే అనిపిస్తోంది. కొన్నిచోట్ల అలా మారుస్తున్నారు కూడా.

వేడుక రోజు నా డ్యూటీ చర్చిలో సగం, హాల్లో సగం. మా స్కూల్లో ఒక మంచి పద్ధతి ఉంది. కమ్యూనియన్ అయ్యాక అందరికీ స్కూలు హాల్లో టీ, శాండ్‌విచ్‌లు పెడతారు. ఆ పని సెకండ్ క్లాస్ తల్లులు చెయ్యకూడదు, వాళ్ళ రోజు కాబట్టి. ఫస్ట్ క్లాస్ తల్లులు చేస్తారు. నేను సెకండ్ క్లాస్ తల్లినే, కానీ నా రోజు కాదు. అందుకని ఏప్రన్ కట్టుకున్నాను. నీళ్ళు మరిగించే పెద్ద స్టీలు పీపా, ఇక్కడ బర్కో అంటారు, అది నా చేతికిచ్చారు. నలభై నిమిషాల ముందు స్విచ్ వెయ్యకపోతే వంద మందికి టీ ఉండదు. స్విచ్ వేసి చర్చికి పరిగెత్తాను.

పాటల బృందం పక్క వరసలో, అంతా యూనిఫాంలో. మధ్య దారిలో తెల్ల గౌన్లు. మా పిల్ల ముందు నేల చూస్తూ నిలబడింది. స్నేహితురాలు వరసలో నడుచుకుంటూ పోతూ ఇటు తిరిగి చెయ్యి ఊపింది. వెనక నుంచి వాళ్ళమ్మ మలయాళంలో ఏదో అంది, బహుశా ముందు చూసి నడవమని. మా పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత గొంతు విప్పి పాడింది. ఏడ్చానా అని మా ఆయన అడిగాడు. బర్కో గురించి టెన్షన్‌లో ఉన్నానని చెప్పాను. రెండూ నిజమే.

సోమవారం స్కూల్ నుంచి వచ్చి, స్నేహితులకి కార్డుల్లో ఎంతెంత వచ్చిందో లెక్కలు చెప్పింది. వందల యూరోలు! "అమ్మా, నేనూ పాడానుగా, నాకెవరూ ఏమీ ఇవ్వరా?" సంగతి తెలిసి విజయవాడ నుంచి అమ్మ వెయ్యిన్నూటపదహార్లు పంపింది. యూరోల్లోకి మారిస్తే పన్నెండు కూడా రాలేదు. ఆ సంగతి పిల్లకి చెప్పలేదు. "వన్ థౌజండ్ వన్ హండ్రెడ్ అండ్ సిక్స్‌టీన్" అని క్లాసంతా చెప్పుకుని వచ్చింది.

ఇప్పుడు పిల్ల థర్డ్ క్లాస్. ఇక దీని తర్వాతి చర్చి వేడుక, కన్ఫర్మేషన్, ఆరో క్లాసులో, అప్పటి సంగతి అప్పుడు. ఈ మధ్య ప్రభుత్వం ప్రైమరీ తల్లిదండ్రులకి సర్వే పెట్టింది. స్కూలు ఇప్పటిలా మత నిర్వహణలోనే ఉండాలా, అన్ని మతాలకీ సమానమైన నిర్వహణలోకి మారాలా అని. చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. బ్రిజిడ్ శిలువలు ఉండాలి, గుహ ఉండాలి, అమ్మమ్మల రోజు ఉండాలి, ఏప్రిల్‌లో రంగుల పుస్తకాలు మాత్రం ఉండకూడదు. నాకు కావలసిన గడి అందులో కనపడలేదు.

వచ్చే సెప్టెంబరుకి స్కూల్లో పనులు చాలా ఉన్నాయి. ఆటిజం ఉన్న పిల్లలకి కొత్త క్లాసు మొదలవుతుంది. ఆరుగురు పిల్లలు, ఒక టీచర్, ఇద్దరు సహాయకులు. దాని వెనక ఉన్న ఖాళీ జాగాలో వాళ్ళ కోసం చిన్న తోట వెయ్యాలని పేరెంట్స్ అసోసియేషన్ తీర్మానించింది: వాసన వచ్చే మొక్కలు, గులకరాళ్ళ బాట, ఊగే కుర్చీ. పుదీనా, తులసి జాతి మొక్కలు నేను తెస్తానన్నాను. కరివేపాకు ఈ చలికి బతకదు, ఇప్పటికే మూడు చంపాను. తోట డబ్బు కోసం అక్టోబరులో స్పాన్సర్డ్ వాక్, దాని రోజునే ఒక పెద్ద కేక్ సేల్. చిన్నబడిపోయిన యూనిఫాంలు మార్చుకోవడానికి హాల్లో ఒక హ్యాంగర్ల స్టాండు. స్కూల్ బోర్డు కాలం 2027 నవంబరుతో అయిపోతుంది. అందులో ఒక తల్లి, ఒక తండ్రి ఎన్నికవుతారు. నువ్వు నిలబడకూడదూ అని సెక్రటరీ ఇప్పటి నుంచే అంటోంది. బిషప్ తరఫున ఇద్దరు కూర్చునే బోర్డులో విజయవాడ హిందువు ఏం చేస్తుందని అడిగితే, "మినిట్స్ రాస్తుంది, ఎవరూ రాయడం లేదు" అంది.

మా చిన్నోడు కూడా ఆ సెప్టెంబరులోనే జూనియర్ ఇన్ఫాంట్స్. అక్క ఉన్న స్కూలు కాబట్టి సీటు గురించి దిగులు లేదు. వాడికి అక్క ఇప్పటి నుంచే ఐరిష్ భాషలో అత్యవసరమైన వాక్యం నేర్పిస్తోంది: "అన్ విల్ క్యాడ్ అగమ్ డుల్ గొ డీ అన్ లెహ్రస్?" బాత్రూంకి వెళ్ళొచ్చా అని. ఈ దేశంలో చదువుకున్న వాళ్ళెవరైనా మిగతా ఐరిష్ అంతా మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోరు. వీడియో కాల్‌లో వాడు అమ్మమ్మకి అది అప్పజెప్పాడు. అమ్మ మంత్రమేదో అనుకుని దండం పెట్టబోయింది.

అమ్మ వీసాకి మళ్ళీ అప్లై చేస్తున్నాం, ఈసారి స్పాన్సర్డ్ వాక్ నాటికి వచ్చేలా. నా జంతికల గొట్టం స్టీలుది, పిండి గట్టిగా ఉంటే మర జారిపోతోంది. ఇంట్లో నాయనమ్మ నాటి ఇత్తడి గొట్టం ఉంది. అది తెమ్మన్నాను. చేతి సంచీలో పెట్టకు, సెక్యూరిటీలో ఆపుతారు, పెద్ద సూట్‌కేసులో చీరల మధ్య పెట్టు అని రెండుసార్లు చెప్పాను.